పంపకముందే చేరిన ప్యాకెట్
(వైర్‌లెస్ పరికరాల మధ్య ఆలస్యాన్ని కొలవడం గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినిపిస్తోందా? వినిపిస్తోందంటున్నారు, సంతోషం. ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. కాసేపట్లో వెనక వరస వాళ్ళతో నాకు పనుంది.

ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన మొదటి పని ఇది. రెండు ఫోన్ల మధ్య వైఫై మీద ఒక సందేశం వెళ్ళడానికి ఎంత సమయం పడుతుందో కొలిచి చెప్పమన్నారు. ఇదెంత పని అనుకున్నాను. రెండు ఫోన్లనీ బల్ల మీద మీటరు ఎడంగా పెట్టాను. మొదటి ఫోను తన గడియారం చూసి, ఆ టైముని ప్యాకెట్‌లో, అంటే సందేశం మోసే చిన్న మూటలో, రాసి పంపుతుంది. రెండోది ప్యాకెట్ అందగానే తన గడియారం చూసుకుని తీసివేత చేస్తుంది. అంతే కదా. వచ్చిన జవాబు మైనస్ 38 మిల్లీసెకన్లు.

అంటే నేను పంపడానికి 38 మిల్లీసెకన్ల ముందే ప్యాకెట్ చేరిపోయిందన్నమాట. ప్రోగ్రాంలో ఏదో తప్పుందని ఒక గంట వెతికాను. దొరకలేదు. మళ్ళీ నడిపితే మైనస్ 150 వచ్చింది. గంటలో నా ప్యాకెట్ గతంలోకి ఇంకాస్త దూరం జరిగింది.

(నవ్వులు)

ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. చిక్కల్లా గడియారాలు రెండు కావడమే. ఫోన్‌లో గడియారం నడిపేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది పది లక్షల్లో 20 వంతులు అటో ఇటో తప్పడం మామూలే. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఒక ఫోను అంత వేగంగానూ, ఇంకోటి అంత నిదానంగానూ నడిస్తే ఇద్దరి మధ్య సెకనుకి 40 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. 25 సెకన్లకి ఒక మిల్లీసెకను. గంటకి 144 మిల్లీసెకన్లు. నేను కొలవబోయింది నాలుగైదు మిల్లీసెకన్ల వ్యవహారం. బట్ట కొలిచే టేపు గంటకి వంద గజాలు సాగుతుంటే, బట్ట పొడవెంతో ఎలా తెలుస్తుంది?

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళు ముందు నేర్చుకునేది ఒక్క గడియారంతో కొలవడం. నేను పంపుతాను, నువ్వు తిప్పి పంపు, మొత్తం ఎంతసేపు పట్టిందో నేనే చూసుకుంటాను. వెళ్ళిరావడానికి పట్టిన సమయం. మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాసిన పింగ్ ప్రోగ్రాం చేసేది ఇదే. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చెవి పెట్టడం చూసి ఆ పేరు పెట్టాడు.

కానీ వెళ్ళిరావడంలో ఒక మెలిక ఉంది. దాన్ని ఎప్పుడో పట్టుకున్నవాడు గెలీలియో. వెలుతురు వేగం కొలవాలని ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరు మనుషులు, రెండు లాంతర్లు. మొదటివాడు లాంతరు మీద మూత తీస్తాడు. అవతలివాడు ఆ వెలుతురు కనపడగానే తన మూత తీస్తాడు. ఈ రెండో వెలుతురు తిరిగి ఎంతసేపటికి కనపడిందో చూడాలి. మైలు కంటే తక్కువ దూరంలో చేసి చూశాడు. ఆ దూరం వెలుతురు వెళ్ళిరావడానికి 11 మైక్రోసెకన్లు కూడా పట్టదు. మూత తీసే చెయ్యికి ఏ రెండువందల మిల్లీసెకన్లో కావాలి. కాబట్టి ఆయన కొలిచింది వెలుతురుని కాదు, అవతలివాడి చెయ్యిని. గొప్ప విషయమేమిటంటే, ఈ సంగతి ఆయనకి తెలుసు. అందుకే, ముందు ఇద్దరూ దగ్గర దగ్గరగా నిలబడి సాధన చెయ్యాలి, తరవాతే దూరం జరగాలి అన్నాడు. దగ్గరలో ఎంత పడుతుందో తెలిస్తే, దూరంలో ఎక్కువ పట్టిందెంతో తేలుతుంది కదా. నాలుగు వందల ఏళ్ళ తరవాత ఇయర్‌బడ్స్‌ని కొలిచేటప్పుడు నేను చేసేది కూడా అదే. అది కాసేపాగి చెబుతాను.

అవతలివాడి చెయ్యిని లెక్కలోంచి తీసెయ్యడానికి ఇంకో దారి ఉంది. నువ్వు ఎప్పుడు అందుకున్నావో, ఎప్పుడు తిప్పి పంపావో నీ గడియారంలో చూసి రాసి పంపు. ఆ గడియారం తప్పయినా పరవాలేదు, ఆ రెండింటి మధ్య తేడా చాలు. నా మొత్తం లోంచి నీ తేడా తీసేస్తే గాలిలో గడిచిన సమయం మిగులుతుంది. 1985లో డేవిడ్ మిల్స్ అనే ఆయన పద్ధతిగా రాసిపెట్టిన ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారాలు సరిచేసే పద్ధతి) నడిచేది ఈ నాలుగు టైముల మీదే, నావి రెండు, నీవి రెండు. ఇప్పటికీ మీ కంప్యూటర్ గడియారం సరిచేసుకునేది దాంతోనే.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు అందరూ చేసే పని, వచ్చిన దాన్ని రెండుతో భాగించి 'ఇదీ ఒకవైపు ఆలస్యం' అనడం. తంతి మీద చాలాసార్లు ఇది సరిపోతుంది. చేతిలో పట్టుకు తిరిగే పరికరాల మధ్య అస్సలు సరిపోదు. ఎందుకో చెప్పాలంటే ఆలస్యం అసలు ఎక్కడ పుడుతుందో చూడాలి.

రేడియో తరంగం మీటరు దూరం వెళ్ళడానికి మూడున్నర నానోసెకన్లు కూడా పట్టదు. పది మీటర్లకి 33 నానోసెకన్లు. చిన్న బ్లూటూత్ లో-ఎనర్జీ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) ప్యాకెట్ గాలిలోకి పూర్తిగా విడుదల కావడానికి 80 మైక్రోసెకన్లు. మరి మీ ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఐదో వంతు సెకను ఆలస్యంగా ఎందుకొస్తుంది? ప్రయాణం వల్ల కాదు. ఎదురుచూపుల వల్ల. ఊరి మధ్య రెండు నిమిషాల బస్సు ప్రయాణానికి స్టాపులో ముప్పావు గంట నిలబడటం లాంటిది ఇది.

బ్లూటూత్ వాచీ సంగతే తీసుకోండి. బ్యాటరీ ఆదా కోసం వాచీలో రేడియో ఎక్కువసేపు నిద్రపోతుంది. ఫోనూ వాచీ ఒక ఒప్పందం చేసుకుంటాయి, ఇన్ని మిల్లీసెకన్లకి ఒకసారి ఇద్దరం లేచి పలకరించుకుందామని. దీన్ని కనెక్షన్ ఇంటర్వెల్ అంటారు. మామూలుగా ఏడున్నర మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల దాకా, ఒకటింపావు మిల్లీసెకను మెట్లతో ఎంతైనా పెట్టుకోవచ్చు. 30 పెట్టుకున్నారనుకుందాం. ఫోన్‌లో యాప్ ఏదో ఒక క్షణంలో సందేశం ఇస్తుంది. అది తరవాతి పలకరింపు దాకా ఆగాలి. అదృష్టం బాగుంటే సున్నా, బాగాలేకపోతే 30, సగటున 15. సరే, వాచీకి చేరింది. వాచీ జవాబు తయారుచేస్తుంది. అయితే పలకరింపులో వాచీ వంతు 150 మైక్రోసెకన్లలోనే వచ్చేస్తుంది. అంతలోపల యాప్ జవాబు ఎక్కడ సిద్ధం చేస్తుంది? కాబట్టి జవాబు వచ్చే పలకరింపు దాకా ఆగాల్సిందే. అంటే దాదాపు 30. పోయేటప్పుడు సగటున 15, వచ్చేటప్పుడు 30, మొత్తం 45. రెండుతో భాగించి 22.5 అని రాసుకుంటే, అది పోయేదానికీ తప్పే, వచ్చేదానికీ తప్పే.

ఇంకో తమాషా ఉంది. దీనికి నేను రెండు రోజులు బలయ్యాను. జవాబు రాగానే ఆలస్యం చెయ్యకుండా వెంటనే తరవాతి సందేశం పంపే ప్రోగ్రాం రాశాను. వెయ్యిసార్లు నడిపితే వెయ్యిసార్లూ ఇంచుమించు 60. ఒకటి 59.9, ఇంకోటి 60.1. అంత చక్కటి కొలత నా జీవితంలో చూడలేదు, మురిసిపోయాను. తరవాత తెలిసింది. జవాబు ఎప్పుడూ పలకరింపు వేళకే వస్తుంది. అది రాగానే నేను మళ్ళీ పంపుతున్నాను కాబట్టి, నా సందేశం కూడా ఎప్పుడూ నిండా 30 మిల్లీసెకన్లు ఆగాల్సి వస్తోంది. బస్సు వెళ్ళిపోయిన మరుక్షణమే స్టాపుకి చేరుతున్నానన్నమాట, ప్రతిసారీ. అసలు మనుషులు అలా నొక్కరు. వాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు నొక్కుతారు. సందేశానికీ సందేశానికీ మధ్య ఒక్కోసారి ఒక్కోలా, లాటరీ తీసినట్టు ఆగితే కొలత 30 నుంచి 60 మధ్య పరుచుకుంది. అసహ్యంగా ఉంది, కానీ అదే నిజం. అప్పటినుంచీ మరీ అందంగా వచ్చిన అంకెల్ని చూస్తే నాకు అనుమానం.

వైఫై కథ వేరు, కానీ నిద్ర గొడవ అక్కడా ఉంది. ఫోను పడుకుంటే దానికొచ్చిన ప్యాకెట్లని రౌటర్ దాచిపెడుతుంది. మామూలుగా 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి రౌటర్ వేసే కేకలో 'నీకో మూటుంది' అని చెబుతుంది. ఫోను ఆ కేక కోసం లేచి, విని, తీసుకుంటుంది. మీ ఇంట్లో చేసి చూడండి. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి సెకనుకి ఒక పింగ్ పంపితే 5 వస్తుంది, 90 వస్తుంది, 40 వస్తుంది. అదే సెకనుకి 50 పింగులు పంపితే అన్నీ నాలుగైదు మిల్లీసెకన్లకి దిగిపోవచ్చు. గాలి బాగుపడలేదు. మీ పింగులే ఫోన్‌ని నిద్రపోనివ్వలేదు. పడుకున్నవాణ్ణి గంటకోసారి తట్టి, నిద్ర బాగా పట్టిందా అని అడిగినట్టు ఉంటుంది ఈ కొలత. కాబట్టి మీ రిపోర్టులో ఆలస్యం పక్కనే ఎంత విరామంతో పంపారో కూడా రాయండి. అది లేని అంకెకి నా దృష్టిలో విలువ లేదు.

ఇవి కాక మామూలు రద్దీ ఉండనే ఉంది. వైఫై మాట్లాడే ముందు వింటుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది, ఆగాక మళ్ళీ ఇంతసేపని చీటీ తీసి ఆగుతుంది. పాటలు మోసే మామూలు (క్లాసిక్) బ్లూటూత్ సెకనుకి 1600 సార్ల దాకా ఛానెల్ మారుతూ తప్పించుకు తిరుగుతుంది. మైక్రోవేవ్ అవెన్ కూడా ఈ రెండూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది. మనిషి ఒళ్ళు కూడా అడ్డమే. ఫోను ఎడమ వెనక జేబులో ఉండి, రిసీవర్ కుడి చెవిలో ఉంటే మధ్యలో ఉన్నది ఎక్కువభాగం నీళ్ళే. నీళ్ళు ఈ తరంగాలని మింగేస్తాయి. పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపాలి, మళ్ళీ ఆగాలి. బల్ల మీద కొలిచి 'బాగుంది' అనేసేవాళ్ళు ఇది మర్చిపోతారు. పరికరం ఎక్కడ వాడతారో అక్కడే, జేబులో పెట్టుకుని నడుస్తూ కొలవాలి.

ఇప్పుడు వెనక వరస వాళ్ళు. మీరు నాకు దాదాపు 20 మీటర్ల దూరంలో ఉన్నారు. స్పీకర్లు రెండూ నా పక్కనే, వేదిక మీదే ఉన్నాయి. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళుతుంది. అంటే నా పెదవులు కదిలాక 58 మిల్లీసెకన్లకి నా మాట మీకు చేరుతోంది. ఇబ్బందిగా ఉందా? లేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, టీవీలో శబ్దం బొమ్మకంటే 125 మిల్లీసెకన్లు వెనకబడేదాకా మనం పెద్దగా గమనించం. కానీ ముందొస్తే 45కే పట్టేస్తాం. నాకు తోచిన కారణం ఏమిటంటే, ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెలుతురు కంటే వెనకే వస్తుంది, దానికి మనం అలవాటుపడ్డాం. ముందొచ్చే శబ్దం మన అనుభవంలో లేదు. 200 మిల్లీసెకన్ల ఇయర్‌బడ్స్‌తో ఆట ఆడటమంటే దాదాపు 69 మీటర్ల దూరంలో జరిగే ఆట చప్పుడు వినడం లాంటిది. తుపాకీ పేల్చేస్తారు, చప్పుడు తరవాత.

ఇది ఇంట్లోనే ఎలా కొలవాలో చెబుతాను, ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఫోను, ఇయర్‌బడ్స్, రికార్డు చెయ్యడానికి ఇంకో ఫోనో ల్యాప్‌టాపో కావాలి. మొదటి ఫోన్‌లో నొక్కితే టక్కుమనే యాప్ ఏదైనా తెరవండి, పియానో యాప్ అయినా సరే. ఒక ఇయర్‌బడ్‌ని రికార్డు చేసే మైకుకి ఆనించండి. గోరుతో స్క్రీన్ మీద గట్టిగా కొట్టండి. రికార్డింగ్‌ని ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిస్తే ముళ్ళలా పైకి లేచిన రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది గోరు చప్పుడు, రెండోది ఇయర్‌బడ్ చప్పుడు. మధ్య దూరం చూడండి. సెకనుకి 48,000 శాంపిళ్ళ (శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి రాసుకునే) రికార్డింగ్‌లో ఒక్కో శాంపిల్ 21 మైక్రోసెకన్లకి కాస్త తక్కువ. మనకి కావలసినదానికంటే ఎంతో సన్నటి స్కేలు ఇది. పైగా రెండు చప్పుళ్ళూ ఒకే గడియారం మీద ఉన్నాయి. నేను ఆ రోజు చేసిన తప్పు ఇక్కడ జరగదు.

అయితే ఆ దూరమంతా బ్లూటూత్‌ది కాదు. స్క్రీన్ మీ గోరుని గుర్తించడానికి కొంత, యాప్‌కి కొంత, ఫోను శబ్దం తయారుచేసి బయటికి పంపడానికి కొంత పట్టింది. అందుకే గెలీలియో చెప్పినట్టు ముందు దగ్గరలో సాధన చెయ్యాలి. ఇయర్‌బడ్స్ తీసేసి, ఫోన్ సొంత స్పీకర్‌తో ఇదే కొలవండి. అందులో 60 వచ్చి, ఇయర్‌బడ్స్‌తో 240 వచ్చిందనుకోండి, తేడా 180 బ్లూటూత్ దారిది.

చాలామంది దీన్ని వీడియో చూసి కొలుస్తారు. పెదవులూ మాటా కలుస్తున్నాయి కాబట్టి ఆలస్యమే లేదంటారు. అది మోసం. మంచి మోసమే అనుకోండి. తను ఎంత వెనకబడుతోందో ఇయర్‌బడ్ ఫోన్‌కి చెప్పగలదు, వీడియో ప్లేయర్ బొమ్మనే అంతసేపు ఆపుతుంది. రెండూ ఆలస్యంగా, కలిసి వస్తాయి. ఆటలో బొమ్మని ఆపడం కుదరదు, అక్కడ బండారం బయటపడుతుంది. స్లోమోషన్ వీడియోతో కొలిచేవాళ్ళూ ఉన్నారు. సెకనుకి 240 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమూ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. బొమ్మకీ బొమ్మకీ మధ్య కొలవడానికి పరవాలేదు. బొమ్మకీ శబ్దానికీ మధ్య కొలిస్తే మాత్రం కెమెరా తన సొంత తేడాని అందులో కలుపుతుంది.

ఎన్నిసార్లు కొలవాలి? ఒకసారి కొలిచినవాణ్ణి నమ్మను. సగటు చెప్పినవాణ్ణి అంతకంటే నమ్మను. వందసార్లు నొక్కితే 98 సార్లు 40 మిల్లీసెకన్లు, రెండుసార్లు 900 వచ్చిందనుకోండి. సగటు 57. అంత ఆలస్యం ఒక్కసారి కూడా ఎవరికీ జరగలేదు. వాడినవాడికి గుర్తుండేది ఆ రెండే. ఇంకో సంగతి, పోయిన ప్యాకెట్లని లెక్కలోంచి తీసేస్తారు. అవి రాలేదు కాబట్టి వాటికి ఆలస్యం లేదట! అన్నిటికంటే ఆలస్యమైనవి అవే కదా. ఎన్ని పోయాయో సగటు పక్కన రాయాలి. కుదిరితే సగటు మానేసి గ్రాఫు గియ్యాలి, దేనికెన్ని వచ్చాయో కళ్ళకి కనిపించేలా.

ఇయర్‌బడ్స్‌లో 180 ఎందుకు అనే ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. గాలిలో ప్యాకెట్లు చాలావరకు కొద్ది మిల్లీసెకన్లలోనే చేరతాయి. కానీ అప్పుడప్పుడూ వంద మిల్లీసెకన్ల గండి పడుతుంది. ఆ క్షణంలో పాట తెగకూడదంటే ఇయర్‌బడ్ దగ్గర అంత శబ్దం ముందుగా నిలవ ఉండాలి. అంటే ఎప్పుడో ఒకసారి వచ్చే గండి కోసం ప్రతి చప్పుడూ వరసలో నిలబడాలి. మనం కొలిచే 180లో పెద్ద వాటా ఆ భయానిదే. గేమ్ మోడ్ అని బటన్ పెడతారు చూడండి, అది ముఖ్యంగా ఈ నిలవని తగ్గిస్తుంది. తగ్గించాక పాట తెగడం ఎక్కువైతే పరికరాన్ని తిట్టకండి.

ఇంతదాకా ఆలస్యం శత్రువన్నట్టు మాట్లాడాను. ఆలస్యమే పనికొచ్చే చోటొకటి ఉంది. కారు తాళం ఉన్న ఫోను దగ్గరలో ఉంటే తలుపు తెరుచుకుంటుంది. దొంగలు ఏం చేస్తారంటే, ఒకడు ఫోను ఉన్న ఇంటి గోడ పక్కన, ఒకడు కారు పక్కన నిలబడి మధ్యలో సిగ్నల్ మోస్తారు. సిగ్నల్ బలం చూసి మోసపోయే కారు తెరుచుకుంటుంది. బలాన్ని పెంచవచ్చు, కానీ సమయాన్ని వెనక్కి తిప్పలేరు. రేడియో నానోసెకనులో 30 సెంటీమీటర్లే వెళుతుంది. జవాబు ఎన్ని నానోసెకన్లు ఎక్కువ తీసుకుంటే ఫోను అంత దూరంలో ఉన్నట్టే. ఈ ఆలోచనని బ్రాండ్స్, చౌమ్ అనే గూఢలిపి పరిశోధకులు 1993లోనే రాశారు. ఇప్పుడు అల్ట్రావైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి వాడే తాళాల్లో చేసేది దానికి దగ్గరి పనే. 2024లో వచ్చిన బ్లూటూత్ 6.0లో కూడా దూరం కొలిచే ఏర్పాటు చేర్చారు. ఇక్కడ యాప్‌లో టైము చూసుకుంటే కుదరదు. యాప్‌కి తెలిసేసరికి వేల నానోసెకన్లు గడిచిపోతాయి. యాంటెన్నాకి ఆనుకున్న చిప్పే టైము రాసుకోవాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇయర్‌బడ్స్ డబ్బా మీద 40 మిల్లీసెకన్లు అని ఉంది సార్. మీరు చెప్పినట్టే గోరుతో కొలిస్తే 130 వస్తోంది. అబద్ధం రాశారా?

అబద్ధం అనలేం. ఎక్కడి నుంచి ఎక్కడికి 40 అనేది డబ్బా మీద ఉందా? లేదు కదా. ఫోన్ రేడియో నుంచి ఇయర్‌బడ్ రేడియో దాకా కావచ్చు, గేమ్ మోడ్‌లో కావచ్చు, పక్కన ఇంకో పరికరం లేని గదిలో కావచ్చు. మీది గోరు నుంచి చెవి దాకా. ముందు స్పీకర్‌తో కొలిచి తీసెయ్యండి. ఏ 80కో దిగినా ఆశ్చర్యపోను. అప్పటికీ మిగిలిన దాని గురించి వాళ్ళని అడగొచ్చు, రెండు చివర్లూ ఏవని.

ప్రశ్న: మీటరు దూరంలో పెట్టి కొలిచిందీ, పది మీటర్లలో కొలిచిందీ వేరుగా వస్తే అది దూరం వల్ల కాదంటారా?

ప్రయాణం వల్ల కాదు, అది 30 నానోసెకన్ల తేడా. సిగ్నల్ బలహీనపడి ప్యాకెట్లు పోతున్నాయి, మళ్ళీ పంపుతున్నారు. దాన్ని నిర్ధారించుకోవాలంటే దూరం మార్చకుండా మధ్యలో మీరు నిలబడి చూడండి. అంతే తేడా రావచ్చు.

ప్రశ్న: మొదట చెప్పారే, మైనస్ 38. దాన్ని చివరికి ఏం చేశారు?

అది అడుగుతారని భయపడుతూనే ఉన్నాను.

(నవ్వులు)

మైనస్ వచ్చిందంటే నవ్వుతారని సిగ్గేసింది. అన్నిటికీ 45 కలిపి, సగటు 7 మిల్లీసెకన్లని రాసి ఇచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు, బాగుందన్నారు. ఆ రిపోర్టు ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది. మీ చేతికొస్తే 45 తీసేసి చదువుకోండి. అప్పుడైనా సరిగ్గా వస్తుందని కాదు. మధ్యాహ్నం తీసిన కొలతలకైతే 160 కలపాల్సింది.